గూగుల్ ఎర్త్ పెడితే పీరియడ్ కాస్తా అయిపోతోంది, ఏం చేయాలి?

మేడమ్, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు హైస్కూల్లో సోషల్ చెబుతున్నారు. ఐఎఫ్‌పీ ప్యానెల్ (క్లాసులో ఉండే పెద్ద టచ్ స్క్రీన్) మీద గూగుల్ ఎర్త్ పెట్టగానే "మా ఇల్లు చూపించండి టీచర్" అని క్లాసంతా గోల. ఈలోగా నెట్ ఆగిపోతుంది, బెల్లు కొట్టేస్తారు. అసలు ఏ టూల్ నేర్చుకోవాలి, మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లాలా, ఇదంతా పదో తరగతి మ్యాప్ పాయింటింగ్‌కి పనికొస్తుందా అన్నది మీ సందేహం. నేను విజయనగరం జిల్లా హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన మాస్టార్ని. ట్రైనింగుల్లో ఈ మ్యాపుల సెషన్ చాలాసార్లు నా నెత్తినే పడేది. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

"మా ఇల్లు" గోలను ఆపాలని చూడకండి, ఆపినా ఆగదు. ఒక పీరియడ్ దానికే రాసిచ్చేయండి. కాకపోతే ప్యానెల్ ఆన్ చేయకుండా మొదలుపెట్టండి. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి బడి నుంచి ఇంటికి దారి గీయమనండి. ఉత్తరం ఎటో బాణం వేయాలి, దూరం ఎంతో అంచనాగా రాయాలి. చూస్తారుగా, వాళ్ల వీధే సగం కాగితం ఆక్రమిస్తుంది, నేషనల్ హైవే సన్నటి గీతైపోతుంది. పకోడీల బండి ఉంటుంది, రామాలయం ఉంటుంది, రోజూ గట్టు మీద నడిచొచ్చే చెరువు మాత్రం ఉండదు. బాణం చాలామందికి కాగితం పై అంచునే చూపిస్తుంది, అసలు ఉత్తరం ఎటున్నా సరే. అప్పుడు ప్యానెల్ ఆన్ చేయండి. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లక్కర్లేదు. బడి చుట్టూ ఒకటి రెండు కిలోమీటర్లు కనబడేలా ఆపేసి, "నీ కాగితంలో రానిది ఇందులో ఏముంది?" అని అడగండి. ముందు చెరువు దొరుకుతుంది, తర్వాత గెడ్డ (వాగు), ఆ తర్వాత శ్మశానం. ఆ పీరియడ్ అయ్యేసరికి ఇంటి మోజు తీరిపోతుంది, మళ్లీ అడగరు.

టూల్ ఏదైనా నేను పాటించే పద్ధతి ఇదొక్కటే. పిల్లలు ముందు కాగితం మీద ఏదో ఒక జవాబు రాసుకుని కూర్చోవాలి, స్క్రీన్ ఆ తర్వాతే రావాలి. ముందే స్క్రీన్ పెట్టేస్తే జూమ్ చేసినంతసేపూ నోరు తెరుచుకుని చూస్తారు, ఆపాక ఏం చూశావురా అంటే చెప్పలేరు. తన జవాబు తప్పో ఒప్పో తేలాలన్న ఆత్రం ఉన్నవాడే మ్యాపుని చదువుతాడు. అందుకే ఏ టూల్ నేర్చుకోవాలి అన్న ప్రశ్నకంటే ఏ ప్రశ్న వేసి దాన్ని తెరవాలి అన్నది నాకు పెద్ద విషయం.

మీ ఊరికి సరిగ్గా సరిపోయే పాఠం ఒకటి చెబుతాను. మీ బడి ఆవరణలోంచి పడమటి వైపు చూస్తే మహేంద్రగిరి కనబడుతుంది కదా, ఒడిశాలో ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. బారువ తీరం నుంచి దానికి తిన్నగా సుమారు పాతిక కిలోమీటర్లు. సముద్రానికి ఇంత దగ్గరగా ఇంత ఎత్తు కొండ ఉన్న తావులు మన తూర్పు తీరంలో తక్కువ. తీర మైదానం, తూర్పు కనుమలు అని పుస్తకంలో రెండు పేరాల్లో చెప్పేది మీ పిల్లలకు కిటికీలోంచే కనబడుతోంది. ముందు వాళ్లను అడగండి: బారువ బీచ్ నుంచి కొండ శిఖరం దాకా నేలను కత్తితో నిలువునా కోస్తే పక్కనుంచి ఎలా ఉంటుందో గీయండి. దాదాపు అందరూ పెద్ద త్రిభుజం గీస్తారు.

ఇప్పుడు లాప్‌టాప్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరవండి. 2015 నుంచి అది ఉచితం. రూలర్ టూల్‌లో పాత్ ఎంచుకుని బారువ నుంచి శిఖరం దాకా గీత గీసి సేవ్ చేయండి. ఆ గీత మీద రైట్ క్లిక్ చేస్తే ఎలివేషన్ ప్రొఫైల్ అని వస్తుంది, నొక్కితే కింద గ్రాఫ్ పడుతుంది. చాలాదూరం నేలబారుగా వెళ్లి, తర్వాత చిన్న గుట్టలు, ఆపైన గోడలా లేచిన కొండ. పిల్లలు చప్పట్లు కొడతారు. చాలామంది టీచర్లు పాఠం ఇక్కడితో ఆపేస్తారు, అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. ఆ గ్రాఫ్‌లో అడ్డం కొలత వేరు, నిలువు కొలత వేరు. నిలువుని సాగదీసి చూపిస్తోంది. కాబట్టి రెండు గ్రాఫ్ కాగితాలు పక్కపక్కన అంటించి, అడ్డానికీ నిలువుకీ ఒకే కొలత పెట్టి, సెంటీమీటరుకి కిలోమీటరు చొప్పున గీయించండి. పొడవు పాతిక సెంటీమీటర్లు వస్తుంది, కొండ ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరు. అంతే. "ఇంతేనా టీచర్?" అని మొహాలు చిన్నబుచ్చుకుంటారు. ఆ నిరాశలో స్కేలు అంటే ఏమిటో వాళ్లకు ఎక్కినట్టు నా బోర్డు లెక్కలతో ఎప్పుడూ ఎక్కలేదు. అన్నట్టు ఎర్త్ ప్రో సెట్టింగుల్లో ఎలివేషన్ ఎగ్జాజరేషన్ అని ఒక అంకె ఉంటుంది. అది 1 మీద ఉందో లేదో చూసుకోండి. ఎవరో 3 చేసి వదిలేస్తే మీ ఊరి గుట్టలు కూడా హిమాలయాల్లా కనబడతాయి.

దీనికి జతగా సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు కూడా చూపించే వివరమైన మ్యాపు) తప్పకుండా పెట్టండి. వాళ్ల వెబ్‌సైట్లో రిజిస్టర్ చేసుకుంటే ఓపెన్ సిరీస్ మ్యాపులు పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఇస్తారు. 1:50,000 స్కేలు, అంటే మ్యాపులో సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. పాత నంబర్లలో సోంపేట 74బి/9లో, మహేంద్రగిరి పక్కనున్న 74బి/5లో పడతాయి. కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి) 20 మీటర్లకొకటి కాబట్టి కొండ ఎక్కడానికి డెబ్బై అయిదు గీతలు దాటాలి. ప్రొఫైల్‌లో గోడలా లేచినచోట టోపోషీట్‌లో గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే "కాంటూరు రేఖలు దగ్గరగా ఉంటే నిటారు వాలు" అన్న వాక్యం బట్టీ పట్టించే పని ఉండదు. షీటు మొత్తం ఎ3లో పట్టదు, మీకు కావాల్సిన భాగం మాత్రం ఎ3 కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీయించండి. శ్రీకాకుళంలో జిరాక్స్ షాపులవాళ్లు చేసేస్తారు. "ఫిట్ టు పేజ్" పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి, లేకపోతే స్కేలు చెడిపోతుంది.

నదుల పాఠానికి కూడా మీకు దూరం వెళ్లక్కర్లేదు. మహేంద్రతనయ బారువ దగ్గరే సముద్రంలో కలుస్తోంది. ఒక పిల్లని ప్యానెల్ దగ్గరకు పిలిచి, నదీముఖం నుంచి వెనక్కి వేలితో జరుపుకుంటూ ఎగువకు వెళ్లమనండి. ఎక్కడ రాష్ట్రం దాటిందో మిగతావాళ్లు చెప్పాలి. ఆ తర్వాత వంశధార. కళింగపట్నం నుంచి గొట్టా బ్యారేజీ మీదుగా పైకి పోతే ఒడిశాలోకి వెళ్లిపోతాం, దాని పరీవాహక ప్రాంతంలో దాదాపు నాలుగింట మూడు వంతులు అక్కడే ఉంది. ఈ పని మొదలుపెట్టే ముందు వేయాల్సిన ప్రశ్న: "ఇక్కడ చినుకు పడలేదు, ఎండ కాస్తోంది, వంశధారకి మాత్రం వరద హెచ్చరిక ఇచ్చారు. ఎందుకు?" జవాబు పిల్లలే వేలితో వెతుక్కుంటారు, మీరు నోరు విప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. శాటిలైట్ చిత్రాలు మబ్బులు లేని రోజుల్లోవే ఎక్కువ ఉంటాయి, అంటే శీతాకాలం, ఎండాకాలం. మన గెడ్డలన్నీ ఇసుక మేటలతో ఎండిపోయి కనబడతాయి, మీ సోంపేట బీల (చిత్తడి నేల) కూడా అంత నీటిభూమిలా అనిపించదు. పిల్లలు చూసిందే నిజం అనుకుంటారు. చిత్రం కింద తేదీ ఉంటుంది, మొదట అది చదివించే అలవాటు చేయండి. "ఇది మార్చి నెల బొమ్మ. శ్రావణంలో ఎలా ఉంటుంది?" అంటే వాళ్లకు తెలుసు, చెబుతారు.

తేదీల మాట వచ్చింది కాబట్టి, పాత చిత్రాల సంగతి. ఎర్త్ ప్రోలో గడియారం గుర్తు నొక్కితే అదే చోటు పాత బొమ్మలు వస్తాయి. ఉద్దానంలో, అంటే మీ కొబ్బరి, జీడితోటల ప్రాంతంలో, బడికి ఇంతకంటే పెద్ద వనరు లేదు. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. దానికి ముందు బొమ్మ ఒకటి, తర్వాత దొరికిన మొదటి మంచి బొమ్మ ఒకటి, ఈమధ్యది ఒకటి ఎంచుకోండి. ఏదో ఒక కొబ్బరి తోట మీద బాగా దగ్గరకు వెళ్తే చెట్ల తలలు ముగ్గులో చుక్కల్లా వరసగా కనబడతాయి. కాగితం మీద ఒక చిన్న చదరం గీయించి, అందులో మూడు బొమ్మల్లోనూ చెట్లు లెక్కపెట్టించండి. లెక్క కాస్త తేడా వచ్చినా పర్వాలేదు, ఇద్దరికి ఒకే అంకె రాకపోవడం మీదే పది నిమిషాలు మాట్లాడొచ్చు. తర్వాత హోంవర్క్: ఆ తోట ఎవరిది, ఆ రాత్రి ఏం జరిగింది, మళ్లీ ఏం వేశారు, కాపు ఎప్పుడు మొదలైంది, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకురావాలి. పచ్చగా కనబడేది జీడితోటో సరుగుడో పైనుంచి చూసి చెప్పడం మనవల్ల కాదు, నేల మీదకు వెళ్లి చూడాల్సిందే. క్షేత్ర పర్యటన ఎందుకో పిల్లలకు వేరే చెప్పే అవసరం లేకుండా పోతుంది. ఒక్క మాట, తుపానులో బాగా నష్టపోయిన ఇంటి పిల్లలు క్లాసులో ఉంటే ముందే కనుక్కుని ఉండండి. వాళ్ల తోటని తెర మీద పెట్టకండి.

అలాగే పొలాలు కొలిచే సరదా. రూలర్‌లో పాలిగాన్ పెట్టి చుట్టూ క్లిక్ చేస్తే ఎకరాల్లో చెబుతుంది. చెరువు కొలిపించండి, ఆటస్థలం కొలిపించండి, సొంత పొలం జోలికి మాత్రం పోనివ్వకండి. ఒక ఊళ్లో ఎనిమిదో తరగతి కుర్రాడు తమ మడి ఆరు సెంట్లు తక్కువుందని ఇంటికెళ్లి చెబితే, వాళ్ల నాన్న పక్క రైతు మీదకి వెళ్లిపోయాడు. లెక్క చూడండి: ఎకరం మడి నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. క్లిక్ చేసేటప్పుడు నాలుగు గట్ల దగ్గరా మీటరు చొప్పున లోపలికి జరిగితే చాలు, ఆరు సెంట్లు ఎగిరిపోతుంది. చెట్టు నీడ పడితే గట్టు ఎక్కడో కూడా తెలియదు. రీసర్వే గొడవలు నడుస్తున్న ఊళ్లలో ఇది బడికి రావాల్సిన తద్దినం కాదు. పిల్లల ఇళ్లు పిన్ను పెట్టి, పేర్లు రాసి అందరికీ కనబడేలా షేర్ చేయడం కూడా వద్దు. మీ లాప్‌టాప్‌లోనే ఉంచండి.

ఇక క్యూజీఐఎస్. చాలా మంచి సాఫ్ట్‌వేర్, ఉచితం, కానీ హైస్కూల్ పాఠానికి అక్కర్లేదు. మీకు ఆసక్తి ఉంటే ఎండాకాలం సెలవుల్లో నేర్చుకోండి, మండల మ్యాపులు మీరే తయారుచేసుకోవచ్చు. నేర్చుకునేటప్పుడు శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం మీ జిల్లా మధ్యలోంచి పోతుంది, శ్రీకాకుళం టౌనుకీ నరసన్నపేటకీ మధ్యలో. భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశాల పట్టీలుగా విడగొట్టే యూటీఎం జోన్లు అక్కడే మారతాయి: టౌన్ 44లో, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 45లో. టోపోషీట్ల పాత నంబర్లు కూడా ఆ గీత దగ్గరే 65 నుంచి 74కి మారతాయి. సోంపేట యూటీఎం అంకెల్ని పొరపాటున 44 జోన్ అని పెట్టారంటే మీ బడి ఆరు డిగ్రీలు పడమటికి వెళ్లి తెలంగాణలో నిర్మల్ దరిదాపుల్లో పడుతుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని టెన్షన్ పడకండి, జోన్ 45 చేస్తే తిరిగొచ్చేస్తుంది.

ఆ గీతనే పిల్లల పాఠంగా మార్చుకోవచ్చు. శ్రీకాకుళం బస్సెక్కే ఏ కుర్రాడికైనా ఫోన్లో జీపీఎస్ అంకెలు చూపించే యాప్ ఉంటే చాలు. నరసన్నపేట దాటాక 84.00 కాస్తా 83.99 అవుతుంది. ఏ చెట్టు దగ్గర, ఏ పెట్రోల్ బంకు దగ్గర మారిందో రాసుకురమ్మనండి. నలుగురు నాలుగు చోట్లు చెబుతారు, ఫోన్ జీపీఎస్‌కి కొన్ని మీటర్ల తేడా మామూలే, పైగా బస్సు పరిగెడుతూ ఉంటుంది. గ్లోబు మీద గీతలు నేల మీద కనబడవని, అయినా వాటి చోటు కనిపెట్టొచ్చని ఆరో తరగతి పిల్లకి కూడా తెలిసిపోతుంది. ఫోటోలకి లొకేషన్ అచ్చు పడే కెమెరా యాప్ మనందరి ఫోన్లలో ఎలాగూ ఉంది. బడి ఫోటోలు ఎక్కించీ ఎక్కించీ టీచర్లమంతా జియోట్యాగింగ్‌లో ఆరితేరిపోయాం, కాస్త పాఠానికి కూడా వాడుకుందాం.

నెట్ సంగతి. ఎర్త్ ప్రో చూసిన బొమ్మల్ని కంప్యూటర్‌లో దాచుకుంటుంది. ముందు రోజు రాత్రి ఇంట్లో అదే లాప్‌టాప్‌లో, రేపు చూపించబోయే చోట్లన్నీ నెమ్మదిగా, ఎంత దగ్గరకు వెళ్లాలో అంత దగ్గరకు వెళ్లి ఒకసారి తిరిగి రండి. క్లాసులో నెట్ లేకపోయినా చాలావరకు వస్తాయి. లాప్‌టాప్‌ని ప్యానెల్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపండి. ప్యానెల్‌లోని ఆండ్రాయిడ్‌లో ఎర్త్ ప్రో రాదు, యాప్ లేదా బ్రౌజర్ వెర్షనే గతి, అది నెట్ లేకపోతే మొరాయిస్తుంది. ఫోన్లో గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసుకున్నా రోడ్ల మ్యాపే దిగుతుంది, శాటిలైట్ బొమ్మ దిగదు. ఇవేవీ కుదరకపోతే స్క్రీన్‌షాట్లు తీసి తేదీతో సహా పెట్టుకోండి, పాఠానికి ఏమీ లోటు రాదు.

భువన్ గురించి కూడా అడిగారు. ఇస్రో వారి మ్యాపుల వెబ్‌సైట్ అది, 2009లో వచ్చింది. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) నడుపుతుంది. భూ వినియోగం, నేలల రకాలు లాంటి పొరలు కావాలంటే అందులో చూడండి. ఎన్‌సీఈఆర్‌టీతో కలిసి చేసిన స్కూల్ భువన్ కూడా ఉంది, పాఠాల వారీగా మ్యాపులు ఉంటాయి. దేశ సరిహద్దులు చూపించేటప్పుడు భువన్ గానీ సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు గానీ వాడండి. విదేశీ మ్యాపుల్లో కాశ్మీర్ దగ్గర చుక్కల గీతలు వస్తాయి, పిల్లలు అదే గీసి పరీక్షలో పెడితే మనకే తలవంపు.

జిల్లా సరిహద్దుల దగ్గర ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలోకి, రాజాం వైపు మా విజయనగరంలోకి వచ్చేశాయి. స్టాఫ్ రూములో గోడకున్న పాత మ్యాపు, నెట్‌లో దొరికే సగం మ్యాపులు ఇంకా పాతవే. పారేయకండి. 1950లో విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం విడిపోవడం, 1979లో ఈ రెండిట్లోంచి ముక్కలు తీసి విజయనగరం చేయడం, 2022 మార్పు, మూడూ ఒకే కాగితం మీద వేరే వేరే రంగుల్లో గీయిస్తే చక్కటి ప్రాజెక్టు.

చివరగా మ్యాప్ పాయింటింగ్. ఊరికే గూగుల్ ఎర్త్ చూపిస్తే దానికి రవ్వంత కూడా ఉపయోగపడదు, ఎందుకంటే తెర మీద పేర్లన్నీ రాసే ఉంటాయి. పేర్లు, సరిహద్దులు తీసేయండి. వెబ్ వెర్షన్‌లో మ్యాప్ స్టైల్‌లో క్లీన్ అని ఉంటుంది, ప్రోలో ఎడమ పక్క లేయర్ల టిక్కులన్నీ తీసేస్తే సరి. పిల్లల చేతిలో ఖాళీ ఇండియా అవుట్‌లైన్ మ్యాపు. మీరు తెర మీద పేరు లేకుండా చిలికా సరస్సు మీద ఆపుతారు, లేదా గోదావరి డెల్టా, కచ్ రణ్, పాంబన్ దగ్గర. ఇదెక్కడో వాళ్లు తమ మ్యాపులో చుక్క పెట్టి పేరు రాయాలి. తర్వాత మెల్లగా వెనక్కి జూమ్ చేస్తూ దేశమంతా కనబడేదాకా వస్తే ఎవరి చుక్క ఎంత తప్పిందో వాళ్లకే తెలుస్తుంది. పీరియడ్ చివర పది నిమిషాలు, అయిదు చోట్లు, వారానికి రెండుసార్లు చాలు. చిలికాతో మొదలుపెట్టండి, ఇచ్ఛాపురం దాటి రైల్లో వెళ్లినవాళ్లు క్లాసులో ఎవరో ఒకరు ఉంటారు.